యావ వేరు, రుచి వేరు

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం బస్సు కోసం నిలబడ్డవాళ్ళను కాసేపు గమనిస్తే చాలు. చాలామంది బొటనవేలు ఫోన్ మీద ఆగకుండా పైకి జరుగుతూనే ఉంటుంది. ఒక రీల్, దాని వెనక ఇంకో రీల్. మొహంలో నవ్వు అరుదు, విసుగు మాత్రం అప్పుడప్పుడు కనిపిస్తుంది. బస్సెక్కాక ఏం చూశావని అడిగితే చెప్పడానికి ఒక్కటీ గుర్తుకు రాదు. నచ్చింది కాబట్టే మనిషి ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేస్తాడన్నది మామూలు లెక్క. అంతగా నచ్చని పనిని ఇంత పట్టుదలగా చేయించేది ఏమిటన్నది ఆ లెక్కకు అందదు.

ఈ విషయం చుట్టూ ఇప్పుడు గందరగోళం కూడా పెరిగింది. 2019 ప్రాంతంలో అమెరికాలో ప్రచారంలోకి వచ్చిన 'డోపమైన్ ఫాస్టింగ్' అనే మాట, తర్వాత 'డోపమైన్ డిటాక్స్'గా మారి తెలుగు వీడియోల్లోకీ వచ్చేసింది. డోపమైన్ అంటే మెదడులో సంతోషాన్నిచ్చే రసాయనం అని ముందు చెబుతారు. దాన్ని కొన్నాళ్ళు తగ్గించుకుంటే జీవితం బాగుపడుతుందని వెంటనే అంటారు. సంతోషాన్నిచ్చేదే అయితే తగ్గించుకోవడం దేనికి? చిక్కుముడి మొదటి మాటలోనే ఉంది.

క్లుప్తంగా

మెదడులో ఒకటి కావాలనిపించే ఏర్పాటు వేరు, అది దొరికాక బాగుందనిపించే ఏర్పాటు వేరు. మామూలు రోజుల్లో రెండూ కలిసే నడుస్తాయి కాబట్టి తేడా తెలియదు. వ్యసనం, పందెం, ఫోన్ లాంటి చోట్ల మొదటిది పెరిగిపోయి, రెండోది పెరగకుండా ఉండిపోతుంది, కొన్నిసార్లు తగ్గిపోతుంది. ఉన్న క్షణంలో తృప్తి దొరకడం అంటే కోరికను చంపడం కాదు, ఆ రెండోదాని మీదికి ధ్యాస రావడం.

ఎలుక నాలుక బయటపెట్టిన తేడా

1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చారు. మీట నొక్కితే ఆ తీగ గుండా కొద్దిపాటి కరెంటు వెళ్తుంది. ఎలుకలు ఆ మీటను వదల్లేదు. గంటకు వందల సార్లు, కొన్ని ప్రయోగాల్లో వేల సార్లు నొక్కాయి. మెదడులో 'సుఖ కేంద్రం' దొరికిందని అప్పట్లో అనుకున్నారు. తర్వాత డోపమైన్ గురించి తెలిసే కొద్దీ ఆ సుఖం డోపమైన్ వల్లనే అన్న మాట స్థిరపడింది. పాఠ్యపుస్తకాల నుంచి పత్రికలకు, అక్కడి నుంచి జనంలోకి వచ్చింది.

ఆ మాటకు బీటలు పడింది 1980ల చివర్లో. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ ఎలుకల మొహాలను గమనించారు. నాలుక మీద తీపి పడితే ఎలుక పెదవులు నాకుతుంది. చేదు పడితే నోరు బాగా తెరిచి, తల విదిలిస్తుంది. పసిపిల్లలకు ఆముదం పట్టిన పెద్దవాళ్ళకు ఈ రెండు మొహాల తేడా కొత్తగా చెప్పక్కర్లేదు.

మెదడులో డోపమైన్ దాదాపుగా లేకుండా చేసిన ఎలుకల ముందు తిండి పెట్టినా అవి ముట్టుకోలేదు. అలా వదిలేస్తే ఆకలితో చచ్చిపోయేవే. కానీ తీపి నీళ్ళు నోట్లో పోస్తే మామూలు ఎలుకల్లాగే పెదవులు నాకాయి. అంటే రుచి తెలుస్తోంది, బాగుందనీ తెలుస్తోంది, వెళ్ళి తినాలన్న కోరిక మాత్రం లేదు. తర్వాత తిరగేసి చూశారు. డోపమైన్ పెంచితే ఎలుకలు ఎక్కువ తిన్నాయి, పెదవులు నాకడం మాత్రం పెరగలేదు. డోపమైన్ పని ప్రధానంగా 'కావాలి' అనిపించడం దగ్గర ఉందని, 'బాగుంది' అనిపించడం వేరే చోట జరుగుతోందని దీంతో తేలింది.

ఈ రెండో పని చేసే చోట్లు చాలా చిన్నవి. ఎలుక మెదడులో ఒక్కోటి సుమారు ఒక ఘనపు మిల్లీమీటరు ఉంటుంది. అక్కడ పనిచేసేవి మెదడు తనంతట తాను తయారుచేసుకునే నల్లమందు లాంటి, గంజాయి లాంటి రసాయనాలు. కోరికను నడిపే డోపమైన్ దారులు పెద్దవి, గట్టివి, రేపడానికి తేలికైనవి. మనిషికి కోరికలు ఎక్కువ, తనివి తక్కువ అన్న పాత ఫిర్యాదుకు ఈ కొలతల్లో కొంత జవాబు ఉంది.

తెలుగులో ఈ తేడాకు మాటలు ముందునుంచే ఉన్నాయి. యావ, ఆబ, తహతహ, మోజు ఒక పక్క. రుచి, ఇంపు, తనివి ఇంకో పక్క. "ఆకలి రుచి ఎరుగదు" అన్న సామెత కూడా దాదాపు ఇదే చెబుతుంది. ఆబగా తినేవాడికి కూరలో ఉప్పు చాలలేదన్న సంగతి రెండో వడ్డనకు గానీ తెలియదు.

సంకేతం కనిపిస్తే చాలు

యావ ఎప్పుడు లేస్తుందో తెలియాలంటే వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు పరిశోధకుడు కోతుల మీద చేసిన ప్రయోగాలు చూడాలి. కోతికి పండ్లరసం ఇచ్చినప్పుడు మొదట్లో దాని డోపమైన్ కణాలు రసం నోట్లో పడగానే చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక ఆ స్పందన రసం దగ్గర ఆగిపోయింది, దీపం దగ్గరికి మారింది. దీపం వెలిగాక రసం రాకపోతే, రావాల్సిన సమయానికి కణాల చురుకు మామూలు కన్నా పడిపోయింది. 2003లో ఇదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. రసం వస్తుందో రాదో సగం సగంగా ఉన్నప్పుడు, ఎదురుచూస్తున్నంత సేపూ ఆ కణాల చురుకు అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది.

సాయంత్రం జంక్షన్‌లో బజ్జీల బండి నూనె వాసన, జేబులో ఫోన్ చేసే టింగుమనే శబ్దం, రెండూ ఆ దీపం లాంటివే. రీల్స్‌లో తర్వాత వచ్చేది బాగుంటుందో లేదో చూస్తే గానీ తెలియదు. ఆ అనిశ్చితే వేలిని కదిలిస్తుంది. నాలుగు చప్పగా ఉండి అయిదోది నవ్విస్తే చాలు, ఇంకో ఇరవై చూస్తారు. డబ్బులు పెట్టి ఆడే ఫోన్ ఆటలు నడిచేది సరిగ్గా ఈ లెక్క మీదే, కాకపోతే అక్కడ పోయేది సమయం ఒక్కటే కాదు. ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం సవరించి ఇలాంటి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటికీ వర్తించేలా ఇంకో చట్టం తెచ్చింది. నిషేధం మనిషి కోరికను మార్చదు. ప్రకటన, నోటిఫికేషన్, బోనస్ అనే దీపాలను తగ్గిస్తుంది, అంతే. ఆ 'అంతే' తక్కువేమీ కాదు.

యావకు పాత రుచి జ్ఞాపకం కూడా అక్కర్లేదని 2013లో మైక్ రాబిన్సన్ (పైన చెప్పిన టెర్రీ రాబిన్సన్ కాదు), బెరిడ్జ్ చూపించారు. ఒక మీట కనిపించినప్పుడల్లా ఎలుక నోట్లో భరించలేనంత ఉప్పునీళ్ళు పోశారు. మీట బయటికి రాగానే ఎలుకలు పారిపోయేవి. తర్వాత వాటి ఒంట్లో ఉప్పు బాగా తగ్గేలా చేశారు. అంతే, మీట కనబడగానే దాని మీదికి దూకి కొరకడం మొదలుపెట్టాయి. ఆ ఉప్పు బాగుంటుందని అవి అప్పటికి ఒక్కసారి కూడా ఎరగవు.

అడ్డపొగ: నిప్పు లోపల, తృప్తి ఎక్కడ?

రుచి లేని యావకు ఉత్తరాంధ్రలో కళ్ళ ముందే ఒక ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరిపోదని, పని చేస్తుంటే బూడిద మీద పడదని దీనికి కారణాలు చెబుతారు. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి వైద్యులు 1940ల నుంచే రాస్తున్నారు. నోటి క్యాన్సర్ మీద 1960ల్లో దేశంలోని కొన్ని జిల్లాల్లో ఇంటింటి సర్వే జరిగింది. అందులో శ్రీకాకుళం ఒకటి. కొత్త తరంలో ఈ అలవాటు బాగా తగ్గింది.

నిప్పు నోట్లో పెట్టుకోవడం మొదటిసారి ఎవరికీ హాయిగా ఉండదు. ఏళ్ళు గడిచాక కూడా ఇది రుచి కోసమని చెప్పేవాళ్ళు తక్కువ. వినిపించే మాట "కాల్చకపోతే తోచదు" అన్నదే. తాగితే బాగుంటుందనడానికీ, తాగకపోతే తోచదనడానికీ మధ్య చాలా దూరం ఉంది.

ఆ దూరం ఎలా ఏర్పడుతుందో చెప్పడానికే బెరిడ్జ్, రాబిన్సన్ 1993లో వ్యసనం గురించి తమ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. పదే పదే వాడే కొద్దీ మత్తు పదార్థం డోపమైన్ దారులను అతి సున్నితంగా మారుస్తుంది. చుట్ట వాసన, అగ్గిపెట్టె, అన్నం తిన్న తర్వాతి సమయం, ఏది తగిలినా యావ లేస్తుంది. తాగినప్పుడు వచ్చే హాయి మాత్రం పెరగదు, చాలాసార్లు తగ్గుతుంది. మానేసి ఏళ్ళయినవాళ్ళు కూడా ఒక్క సంకేతంతో జారిపోవడానికి కారణం ఇదేనంటారు.

మనుషుల్లో ఇంకో ఆధారం పార్కిన్‌సన్స్ జబ్బుకు వాడే కొన్ని మందుల దగ్గర దొరుకుతుంది. డోపమైన్ పనిని అనుకరించే ఈ మందులు వాడేవాళ్ళలో కొందరికి జూదం, విపరీతంగా కొనడం లాంటివి హఠాత్తుగా పట్టుకుంటాయి. అంతకుముందు పేకముక్క ముట్టనివాళ్ళు కూడా వీళ్ళలో ఉంటారు. మందు మారిస్తే లేదా తగ్గిస్తే చాలామందిలో అది పోతుంది. దీన్ని మనిషి బలహీనత అని తేల్చేసే అలవాటు మన ఊళ్ళలో గట్టిగానే ఉంది, ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ తీర్పు కాస్త మెత్తబడాలి.

మొహం మొత్తడం, అలవాటు పడడం

రుచికి దాని హద్దు దానికి ఉంది. పెళ్ళి భోజనంలో మొదటి బూరె ఇచ్చినంత ఆనందం నాలుగోది ఇవ్వదు. మొహం మొత్తుతుంది. అదే మనిషి ఇంక చాలని విస్తరి మడిచి, బయట ఐస్‌క్రీమ్ కనబడగానే ఒక కప్పు అందుకుంటాడు. కడుపు నిండడం వేరు, ఒక రుచి మొత్తడం వేరు. తిన్న పదార్థం మీదే ఇష్టం తగ్గుతుంది, తినని వాటి మీద అలాగే ఉంటుంది. బఫేలో వంటకాలు పెరిగే కొద్దీ తిండి పెరగడం ఇందువల్లే.

వస్తువుల దగ్గర జరిగేది నెమ్మదిగా జరుగుతుంది. కొత్త బండి మోజు కొన్ని నెలల్లో తీరుతుంది. ఈ విషయంలో అందరూ చెప్పేది 1978లో అమెరికాలో లాటరీ గెలిచిన 22 మంది మీద జరిగిన అధ్యయనం. గెలిచినవాళ్ళు మిగతావాళ్ళ కన్నా చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు, పైగా రోజువారీ చిన్న ఆనందాలు వాళ్ళకు తక్కువగా అనిపించాయి. కానీ 22 మందిని చూసి డబ్బు తృప్తినివ్వదని తీర్మానించడం తొందరపాటే. స్వీడన్‌లో లాటరీ గెలిచినవాళ్ళ మీద తర్వాత జరిగిన చాలా పెద్ద అధ్యయనంలో, జీవితం మీద వాళ్ళ సంతృప్తి పెరిగి ఏళ్ళ తరబడి నిలిచినట్టు తేలింది. రోజు ఎలా గడిచిందనే అనుభూతి, జీవితం ఎలా ఉందనే అంచనా ఒకటి కావు. డబ్బు రెండోదాన్ని గట్టిగానే నిలబెడుతుంది.

శాలిహుండం కొండ మీది పాత విశ్లేషణ

శ్రీకాకుళం జిల్లాలో వంశధార దక్షిణపు ఒడ్డున, కళింగపట్నానికి దగ్గరలో శాలిహుండం కొండ ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1919లో ఇక్కడి బౌద్ధ శిథిలాలను గుర్తించారు. విజయనగరం దగ్గర రామతీర్థంలోనూ గురుభక్తుల కొండ మీద బౌద్ధ నిర్మాణాలు ఉన్నాయి. అంటే కోరిక గురించి చాలా లోతుగా ఆలోచించిన ఒక సంప్రదాయం ఈ రెండు జిల్లాల్లో వందల ఏళ్ళు బతికింది.

ఆ ఆలోచనలో ఒక వరుస ఉంది. ఇంద్రియానికి వస్తువు తగలడం స్పర్శ. దాని వల్ల కలిగేది వేదన. వేదన నుంచి తృష్ణ, తృష్ణ నుంచి పట్టుకుని వదలకపోవడం, అంటే ఉపాదానం. ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. ఇప్పటి తెలుగులో వేదన అంటే బాధ ఒక్కటే. బౌద్ధ పరిభాషలో అది సుఖమైనా, దుఃఖమైనా, రెండూ కాకపోయినా కలిగే అనుభూతి మొత్తం. మంచి అనుభూతి సమస్య అని ఆ వరుస ఎక్కడా అనదు. అనుభూతికీ తృష్ణకూ మధ్య ఒక అతుకు ఉందని, దాన్ని గమనించవచ్చని అంటుంది. పోలిక మరీ సాగదీయకూడదు. బౌద్ధుల లక్ష్యం దుఃఖం నుంచి విడుదల, మిషిగన్ పరిశోధకుల లక్ష్యం ఎలుక మెదడును అర్థం చేసుకోవడం. అయినా రుచినీ యావనూ రెండుగా విడదీసి, వాటి మధ్య వేలు పెట్టడంలో ఇద్దరూ ఒక్కచోటే కలిశారు.

మహాభారతంలోని యయాతి ఇంకో దారిలో అక్కడికే వస్తాడు. కొడుకు పూరుడి యవ్వనాన్ని అడిగి తీసుకుని వెయ్యేళ్ళు భోగాలు అనుభవించాక, అనుభవించడం వల్ల కోరిక చల్లారదనీ, నెయ్యి పోసిన నిప్పులా పెరుగుతుందనీ గ్రహించి ఆ యవ్వనాన్ని తిరిగి ఇచ్చేస్తాడు.

ధ్యాస ఎక్కడ ఉంటే

2010లో హార్వర్డ్‌కు చెందిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని ఫోన్ ద్వారా వేళ కాని వేళల్లో పలకరించి మూడు సంగతులు అడిగారు: ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా అనిపిస్తోంది. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. పని మీద ఉన్నప్పటి కన్నా అలాంటప్పుడు సంతోషం తక్కువగా ఉంది. మంచి విషయాల గురించి ఊహిస్తున్నప్పుడు కూడా, పని మీద ధ్యాస ఉన్నప్పటి కన్నా సంతోషం ఎక్కువేమీ కాలేదు. యావ పని చేసేది ఎప్పుడూ రాబోయే దాని మీద. రుచి నాలుక మీద ఉన్నప్పుడు తప్ప ఉండదు. కాబట్టి ఈ ఫలితంలో ఆశ్చర్యం తక్కువే.

అయితే ఎదురుచూపంతా యావ కాదు. విజయనగరంలో 1919లోనే, గిడుగు శాలిహుండం చూసిన ఏడాదే, సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పింది అక్కడే. ఆలాపన వింటున్న శ్రోతకు రాగం ఎటు పోతుందో సగం తెలుసు. అది తాను అనుకున్న స్వరం మీద వచ్చి వాలే వరకు ఎదురుచూస్తాడు, వాలగానే తల ఊగుతుంది. 2011లో మెక్‌గిల్ పరిశోధకులు తమకు బాగా నచ్చిన సంగీతం వింటున్నవాళ్ళ మెదడులను పరిశీలించినప్పుడు, ఆ పతాక క్షణానికి ముందు ఒకచోట, ఆ క్షణంలో ఇంకోచోట డోపమైన్ విడుదలైంది. డోపమైన్‌కు ఆనందంతో సంబంధమే లేదనడం కూడా సరికాదని దీని అర్థం. తేడా ఏమిటంటే సంగీతంలో ఎదురుచూపు, అందుకోవడం ఒకే వినికిడిలో జరుగుతాయి. శ్రోత ఎక్కడికీ పరిగెత్తడు.

అదే ఊళ్ళో దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపు కోసం జనం గంటల తరబడి నిలబడేది కూడా ఇలాంటి ఎదురుచూపుతోనే. సిరిమాను ఎదుటికి రాగానే వందల ఫోన్లు పైకి లేస్తాయి. ఫోన్ తీస్తే అనుభవం పోతుందని విమర్శ వినిపిస్తుంది. పరిశోధనలు అంత సూటిగా చెప్పవు. ఫొటో తీసినవాటిని మనిషి సరిగ్గా గుర్తుపెట్టుకోలేదని కొన్ని తేల్చాయి. ఫొటో కోసం శ్రద్ధగా చూడడం వల్ల ఆనందం పెరిగిందని మరికొన్ని తేల్చాయి. ఫ్రేమ్ కోసం చూస్తున్నాడా, స్టేటస్‌కు వచ్చే లైకుల కోసం చూస్తున్నాడా అన్న దాని మీద ఆధారపడుతుందని అనుకోవాలి.

ధ్యాసను యావ మీదికే తిప్పే పద్ధతి ఒకటి వైద్యంలోకి వచ్చింది. పొగ మానాలనుకునేవాళ్ళను కోరికతో కుస్తీ పట్టవద్దంటారు. గొంతులో లాగడం, చేతుల్లో తహతహ, ఏది ఎక్కడ అనిపిస్తోందో చూడమంటారు. తాగితే ఆ రుచి నిజంగా ఎలా ఉందో శ్రద్ధగా గమనించమంటారు. కళింగపట్నం ఒడ్డున అలలాగే కోరికా లేచి, విరిగి, వెనక్కి పోతుంది. చాలామంది అది విరిగే వరకు ఆగరు కాబట్టి విరుగుతుందన్న సంగతే వాళ్ళకు తెలియదు.

డిటాక్స్ చేసేదీ, చేయనిదీ

ఒక రోజు ఫోన్ పక్కన పెడితే ఒంట్లో డోపమైన్ కడిగినట్టు పోదు, పోకూడదు కూడా. అది లేని ఎలుకల గతి పైన చూశాం. జరిగేది సంకేతాలు తగ్గడం. ఆ ఖాళీలో ఏం చేరుతుందన్న దాని మీద ఫలితం ఉంటుంది. ఎండాకాలం పొద్దున్న చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుంటూ దాని మీదే ధ్యాస పెట్టినవాడికి ఆ ఖాళీ భారంగా తోచదు. గోడ చూస్తూ కూర్చున్నవాడు సాయంత్రానికి రెట్టింపు రీల్స్ చూస్తాడు.

తృప్తి గురించిన మాటల్లో ఒక ప్రమాదం కూడా ఉంది. లేనివాడికి "ఉన్నదాంతో సరిపెట్టుకో" అని చెప్పడానికి ఉన్నవాడికి ఇవి బాగా పనికొస్తాయి. తృష్ణ అనే మాటకు అసలు అర్థం దప్పిక. కిడ్నీ జబ్బులతో ఏళ్ళ తరబడి సతమతమవుతున్న ఉద్దానం పల్లెల్లో మంచినీళ్ళు కావాలనడం ఏ మనస్తత్వ శాస్త్రానికీ సంబంధించిన తృష్ణ కాదు, మామూలు దప్పికే. దానికి జవాబు నీళ్ళ కుళాయి. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి నెలల తరబడి పడవల మీద ఉండే శ్రీకాకుళం మత్స్యకారులకు కావలసింది సొంత ఊళ్ళో జెట్టీ, గిట్టుబాటయ్యే వేట. ఆ రెండూ వచ్చాక వాళ్ళ చేతిలోనూ రీల్స్ ఉంటాయి, అప్పుడు ఈ వ్యాసం వాళ్ళకూ వర్తిస్తుంది.